పట్టు, దారి, తాళం: జంట డాన్సుల తేడాలు

‘ఆర్ఆర్ఆర్’ సినిమాలో ‘నాటు నాటు’ పాట మొదలయ్యే ముందు ఒక తెల్ల కుర్రాడు నిండు సభలో కథానాయకుడు భీమ్‌ను పడగొట్టి, టాంగో వచ్చా, స్వింగ్ వచ్చా, ఫ్లమెంకో వచ్చా అంటూ వెటకారం చేస్తాడు. బదులు చెప్పేటప్పుడు మనవాళ్ల నోట సల్సా మాట కూడా వస్తుంది. కథాకాలం 1920. అప్పటికి టాంగో లండన్ చేరి కొన్నేళ్లయింది కాబట్టి దాని వరకు సరే. స్వింగ్ డాన్సు పుట్టడానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. సల్సా అన్న పేరు డాన్సుకు స్థిరపడటానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఇక ఫ్లమెంకో జంట డాన్సే కాదు. సినిమావాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ పాట ఊపు ముందు చరిత్ర ఎవరికి గుర్తుంటుంది! 2023లో ఆస్కార్ కూడా తెచ్చుకుంది. కానీ ఆ సంభాషణ మన సగటు అవగాహనకు మంచి నమూనా. ఆడా మగా చేతులు పట్టుకుని తిరిగేదంతా మనకు ‘బాల్ డాన్సు’. అన్నిటినీ కలిపి ఒక్క మూట కట్టేశాం. విప్పి చూస్తే లోపల ఒకదానితో ఒకటి పొసగని సరుకులున్నాయి.

డాన్సు పుస్తకాలు, వీడియోలు ఈ తేడాలను అడుగులతో చెబుతాయి. అడుగులను నమ్ముకుంటే తికమక తప్పదు. నేలమీద చదరంగా గీత గీసినట్టు వేసే ‘బాక్స్ స్టెప్’ వాల్ట్స్‌లోనూ ఉంది, అమెరికన్ పద్ధతి రంబాలోనూ ఉంది. కానీ ఆ రెండు డాన్సులనూ చూసిన వాళ్లెవరూ ఒకటనుకోరు. అంతకంటే ఉపయోగపడే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు ఎలా పట్టుకున్నారు? హాల్లో ఏ దారిన కదులుతున్నారు? పాటలో ఏ దెబ్బ మీద అడుగు పడుతోంది? వీటన్నిటి వెనకా ఇంకో ప్రశ్న ఉంది: ఎవరి కోసం ఆడుతున్నారు? ఎదుటి మనిషి కోసమా, జడ్జీ కోసమా, చూడవచ్చిన జనం కోసమా? శైలిని తేల్చేది ఈ చివరిదేనని నా అభిప్రాయం. మిగతావి దాని వెంట వస్తాయి.

ముందు పట్టు సంగతి చూద్దాం. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా దర్బారుల్లో మినుయెట్ ఆడే జంటలు చేతులు అందీ అందకుండా తాకించుకునేవారు. మర్యాదంతా సభకు, చూపంతా సభ వైపు. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో ఆడుకునే లాండ్లర్ వంటి తిరుగుడు డాన్సుల నుంచి వాల్ట్స్ పైకి వచ్చి ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఇద్దరూ సభకు వీపు పెట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, నడుం చుట్టూ చెయ్యి వేసి గిరగిరా తిరగడం మొదలుపెట్టారు. 1816లో లండన్‌లో ప్రిన్స్ రీజెంట్ ఇచ్చిన బాల్‌లో వాల్ట్స్ ఆడితే, ఇలాంటి అంటువ్యాధికి కూతుళ్లను దగ్గరగా పోనివ్వవద్దని ‘టైమ్స్’ పత్రిక తల్లిదండ్రులను హెచ్చరించింది. అంతకు మూడేళ్ల ముందే బైరన్ దీనిమీద రాసిన వ్యంగ్య కావ్యం అచ్చయింది. నీతులు చెప్పడానికి ఆయనకున్న అర్హత ఏమిటో ఐరోపా అంతటికీ తెలుసు. పుట్టుకతోనే కాలికి అవకరం ఉండి డాన్సుకు దూరమైన మనిషి కాబట్టి, ఆ కోపంలో కొంత సొంత బాధ కూడా ఉండి ఉండవచ్చు.

ఆ వాల్ట్స్ పట్టు నుంచే ఇవాళ పోటీల్లో ‘స్టాండర్డ్’ అని పిలిచే శైలి వచ్చింది. వాల్ట్స్, టాంగో, వియన్నీస్ వాల్ట్స్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్ అనే అయిదూ దాని కిందికి వస్తాయి. ఇందులో ఫాలో అయ్యే మనిషి లీడ్ చేసే మనిషికి ఎదురుగా, కొద్దిగా అతని కుడివైపుకు జరిగి నిలబడుతుంది. నడుము దగ్గర ఇద్దరి శరీరాలూ తాకుతూనే ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ ఇద్దరూ వెనక్కి విచ్చుకుంటారు, తలలు ఎడమకు తిరుగుతాయి. డాన్సు అయ్యేదాకా ఈ చట్రం విడిపోకూడదు. ఇదంతా అలంకారమే అనుకుంటే పొరపాటు. ఫాక్స్‌ట్రాట్‌లో ఒక్కో అడుగు చాలా పొడవు. ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు అంత పొడవు అడుగు ఒకే క్షణంలో వెయ్యాలంటే చేతులతో నెడితే కుదరదు. కదలబోతున్న కబురు నడుము నుంచే అందాలి. చేతులతో తోసే వాడితో ఆడిన అమ్మాయిని అడగండి, ఆ రాత్రి ఆమె భుజాల సంగతి చెబుతుంది.

ఇప్పుడు బ్యూనస్ ఐరిస్‌కు వెళ్దాం. పేరు ఒకటే, టాంగో. పట్టు మాత్రం సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ దగ్గరి కౌగిలిలో ఛాతీలు ఆనుకుని, తలలు తాకుతూ, కింద నడుముల మధ్య చోటు వదిలి నిలబడతారు. పైన దగ్గర, కింద దూరం. పోటీల్లో ఆడే లండన్ టాంగోలో కింద దగ్గర, పైన దూరం. ఈ ఒక్క తేడాతో రెండూ రెండు వేరే కళలయ్యాయి. కింద చోటుంది కాబట్టి అర్జెంటీనా టాంగోలో కాళ్లు ఒకదాని మధ్యలోకి ఒకటి పోతాయి, చుట్టుకుంటాయి, నేలమీద ఎనిమిది అంకె గీస్తాయి. లండన్ టాంగోలో కాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు. బదులుగా శరీరమంతా ఒక్క ముక్కలా హాలును కోసుకుపోతుంది, తల ఒక్కసారిగా విసురుగా తిరుగుతుంది. మొదటిది కళ్లు మూసుకుని ఆడొచ్చు, ఆడతారు కూడా. రెండోదాంట్లో కళ్లు మూసుకుంటే ఆ తల విసురుకు అర్థమే లేదు.

సంగీతం వింటే తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. దారియెన్సో, డి సర్లి, త్రొయిలో, పుగ్లియేసే వంటివారి పాతకాలపు అర్జెంటీనా వాద్యబృందాల్లో బాండోనియన్, వయొలిన్లు, పియానో, డబుల్ బాస్ ఉంటాయి, డ్రమ్ము వినపడదు. పోటీ టాంగో పాటల్లో కవాతుకు కొట్టినట్టు స్నేర్ డ్రమ్ము మోగుతుంది. డ్రమ్ము లేనిచోట అడుగు ఎక్కడ వెయ్యాలో వయొలినూ చెప్పొచ్చు, బాండోనియనూ చెప్పొచ్చు, ఏదీ చెప్పకపోతే ఆగి నిలబడొచ్చు. ఆగడం కూడా డాన్సే అని నేర్పే జంట డాన్సు ఇదొక్కటేనేమో. మిలోంగా అనే ఆ డాన్సు సాయంత్రాల మర్యాదలూ వేరు. మూడు నాలుగు పాటలు ఒక విడత. ఎవరితో ఆడాలన్నది దూరం నుంచి చూపు కలిపి, తల పంకించి తేల్చుకుంటారు. కాదన్నా ఎవరి పరువూ పోదు. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వే కలిసి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నది ఈ టాంగోనే.

పట్టు విషయంలో మూడో దారి అమెరికా నల్లజాతి వారిది. న్యూయార్క్ హార్లెంలో 1926లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేలమీద ఆడిన అరుదైన చోటు అది. అక్కడ పెరిగిన లిండీ హాప్‌లో జంట విడివిడిగా, ఒక చేతి పట్టుతో, సాగే రబ్బరులాంటి బిగువుతో ఆడతారు. దూరంగా సాగి, తిరిగి దగ్గరకు లాక్కుని, మధ్యలో విడిపోయి ఎవరికి వారు సొంతంగా నాలుగు అడుగులు వేసుకుని మళ్లీ కలుస్తారు. మోకాళ్లు వంచి, నేలకు దగ్గరగా, జాజ్ మోతను ఒంట్లోకి దించుకుని ఆడే డాన్సు. భాగస్వామిని గాల్లోకి ఎగరేసే విన్యాసాన్ని 1930లలో ఇందులోకి తెచ్చిన ఫ్రాంకీ మానింగ్, జాజ్ జోరు తగ్గాక న్యూయార్క్ తపాలా శాఖలో చేరి దశాబ్దాలపాటు ఉద్యోగం చేశాడు. 1980లలో కొత్తతరం వాళ్లు వెతుక్కుంటూ వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆ తరం ‘హెల్జపాపిన్’ లాంటి పాత సినిమాల తునకలను పదేపదే చూసి కూడా అడుగులు పట్టుకుంది. స్వీడన్‌లోని హెర్రెంగ్ పల్లెలో 1982 నుంచి నడుస్తున్న వేసవి శిబిరానికి ఇప్పుడు ప్రపంచమంతటి నుంచీ వస్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులతో ఈ డాన్సే ఇంగ్లండుకు వెళ్లింది. అక్కడివాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని, వంగిన నడుము నిలబెట్టి, మోకాళ్లు పైకెత్తించి, బొటనవేలు చాపించి ‘జైవ్’ చేశారు. చూడముచ్చటగానే ఉంటుంది. హార్లెం మాత్రం అందులో కనపడదు.

దారి విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. స్టాండర్డ్ డాన్సులు హాలు చుట్టూ అపసవ్యంగా ప్రయాణిస్తాయి. మిలోంగాలోనూ అదే దిశ, కాకపోతే అడుగుల పొడవు జానెడు. రంబా, చాచాచా, జైవ్ దాదాపు ఉన్నచోటే. పోటీ సాంబా, పాసో దోబ్లే మళ్లీ తిరుగుతాయి. న్యూయార్క్, లాస్ ఏంజెలస్ సల్సా, వెస్ట్ కోస్ట్ స్వింగ్ నేలమీద ఊహించుకున్న ఒక సన్నని పట్టీలోనే ముందుకూ వెనక్కూ సాగుతాయి. క్యూబా సల్సాను అక్కడ కసీనో అంటారు. అందులో ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. దానికే ‘రుయేదా’ అని ఇంకో రూపం ఉంది. జంటలన్నీ గుండ్రంగా నిలబడి, ఒకరు కేక వేయగానే భాగస్వాములను మార్చుకుంటాయి. జతలు మారే కోలాటం చూసిన వాళ్లకు ఇందులో కొత్తేమీ అనిపించదు, కర్రల బదులు చేతులు ఉంటాయంతే.

తాళం దగ్గర మనకు కొంచెం అనుకూలం ఉంది. వాల్ట్స్ మూడు దెబ్బలది, తిశ్రం తెలిసిన చెవికి చెప్పనక్కర్లేదు. పోటీల్లో నెమ్మది వాల్ట్స్ నిమిషానికి 84 నుంచి 90 దెబ్బలు, వియన్నీస్ వాల్ట్స్ 180 దగ్గర. అడుగుల పేర్లు కలిసినా, ఈ వేగం వల్ల మొదటిదాంట్లో లేచి దిగే ఊయల కదలిక వస్తుంది, రెండోదాంట్లో తిరగడానికే టైము సరిపోతుంది. క్విక్‌స్టెప్ నిమిషానికి 200 దెబ్బలు దాటుతుంది. పోటీ రంబాది ఇంకో తరహా. నాలుగు దెబ్బల్లో మొదటిదాని మీద కొత్త అడుగు పడదు. పాదం నేలమీదే ఉంటుంది, బరువు నడుములోకి దిగుతుంది. అడుగు రెండో దెబ్బ మీద మొదలవుతుంది. కచేరీల్లో అనాగతం విన్నవాళ్లకు ఆ లోపలి లాగుడు ఏమిటో అర్థమవుతుంది. సల్సావాళ్లలో ఒకటో దెబ్బ మీద కదలాలా, రెండో దెబ్బ మీదా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. రెండో దెబ్బ పద్ధతిని న్యూయార్క్‌లో క్రమబద్ధంగా నేర్పి వ్యాప్తి చేసింది ఎడ్డీ టోరెస్. అటూ ఇటూ పట్టుదలలున్నాయి. బచాటాలో ఆ గొడవ లేదు, మూడు అడుగులు, నాలుగోదానికి నడుము ఊపు. కొత్తవాళ్లు అక్కడే చేరేది అందుకే.

ఇంతకూ ఒకే పేరుతో రెండేసి డాన్సులు ఎలా వచ్చాయి? జవాబు కోసం లండన్ వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నుంచి జాజ్ వెల్లువలా వచ్చిపడింది, హాల్లో ఎవరికి తోచింది వాళ్లు ఆడటం మొదలుపెట్టారు. 1904లో పుట్టిన ఇంపీరియల్ సొసైటీ అనే డాన్సు టీచర్ల సంఘం 1924లో బాల్‌రూమ్ కోసం ప్రత్యేక శాఖ పెట్టి, ఏ అడుగు సరైనది, ఏ వేగం సరైనది అని తేల్చే పనికి కూర్చుంది. అదే కాలంలో ఫాక్స్‌ట్రాట్ రెండుగా చీలింది. నెమ్మదిది ఆ పేరుతోనే ఉండిపోయింది, వేగంగా ఆడేది చార్ల్‌స్టన్ లక్షణాలు కలుపుకుని క్విక్‌స్టెప్ అయింది. 1922లో ప్రపంచ విజేత అయిన విక్టర్ సిల్వెస్టర్ పుస్తకం రాయడంతో ఆగలేదు. 1930ల మధ్యలో సొంత వాద్యబృందం పెట్టి, వేగం అణుమాత్రం మారని రికార్డులు విడుదల చేశాడు. ఇప్పుడు అడుగూ స్థిరం, పాటా స్థిరం. 1920లో మొదలైన బ్లాక్‌పూల్ ఉత్సవం వీటికి కొలువుకూటమైంది.

ఇంగ్లిష్‌వాళ్లు ఈ పని చేయకపోతే వాల్ట్స్, ఫాక్స్‌ట్రాట్ ఇవాళ ఇంత సూక్ష్మంగా మిగిలేవి కావు. దీన్ని ఒప్పుకోవాలి. టోక్యోలో నేర్చుకున్న అమ్మాయి మిలాన్‌లో నేర్చుకున్న అబ్బాయితో మొదటి రోజే ఫాక్స్‌ట్రాట్ ఆడగలుగుతోందంటే ఆ కమిటీల చలవే. కానీ అదే చేత్తో వాళ్లు లాటిన్ అమెరికా డాన్సులను సర్దబోయినప్పుడు జరిగింది వేరు.

రంబా కథ చూడండి. క్యూబాలో అసలు రంబా హవానా, మతాన్సాస్ పేట వాకిళ్లలో, రేవు కూలీల మధ్య, డ్రమ్ములతో, పాటతో పుట్టింది. దాని గ్వగ్వాంకో రూపంలో మగవాడు కవ్విస్తాడు, ఆడమనిషి తప్పించుకుంటుంది. పట్టు అనేదే లేదు. 1930లో డాన్ అస్పియాసు బృందం న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘ఎల్ మనిసేరో’ పాట అమెరికాను ఊపేసింది. అది సోన్ బాణీ. అమెరికా వ్యాపారం దానికి రంబా అని పేరు పెట్టి అమ్మింది. లండన్‌లో మస్యూ పియేర్ అనే గురువు, ఆయన భాగస్వామి డోరిస్ లవేల్ క్యూబా వెళ్లి చూసి వచ్చి, అక్కడి బొలేరో, సోన్ ఆధారంగా ‘క్యూబన్ రంబా’ నేర్పారు. అప్పటికే బాక్స్ స్టెప్ రంబా నేర్పుతున్నవాళ్లతో వాళ్లకు 1950లలో పెద్ద గొడవే నడిచింది. చివరికి పియేర్ పద్ధతి నెగ్గింది. ఇవాళ పోటీల్లో కనిపించే రంబా అదే: అందమైన డాన్సు, పేరు మాత్రం ఇంకొకరిది. యునెస్కో 2016లో గుర్తించింది ఆ ఇంకొకరిని.

సాంబాదీ దాదాపు ఇదే గతి. రియో వీధుల్లో ఒంటరిగా ఆడే సాంబా ఒకటి, అక్కడి డాన్సు హాళ్లలో జంటగా ఆడే గఫియేరా ఒకటి, పోటీ సాంబా మూడోది. పాసో దోబ్లే ఎద్దుల పోరును అభినయిస్తుంది. మగవాడు పోటరి, ఆమె అతని చేతిలోని వస్త్రం. స్పెయిన్ కథే అయినా డాన్సుగా రూపుదిద్దుకున్నది ఫ్రాన్సులో, అడుగుల పేర్లు ఇప్పటికీ ఫ్రెంచివే. సొంత బంధువులను మరీ మర్చిపోనిది చాచాచా ఒక్కటే. దాని బాణీ కట్టింది క్యూబా వయొలిన్ విద్వాంసుడు ఎన్రికే హొర్రీన్ అని అందరికీ తెలుసు. 1950ల తొలినాళ్లలో పుట్టడం వల్ల సాక్షులు బతికి ఉండగానే లండన్ చేరింది.

అమెరికన్లు లండన్ తీర్పును సగమే ఒప్పుకున్నారు. ఆర్థర్ మర్రీ, ఫ్రెడ్ అస్టేర్ పేర్లతో నడిచే స్టూడియోల్లో ‘స్మూత్’ అనే శైలి ఉంది. అవే వాల్ట్స్, టాంగో, ఫాక్స్‌ట్రాట్. తేడా ఏమంటే పట్టు విడిచి, విడివిడిగా తిరిగి, మళ్లీ కలవొచ్చు. సినిమాల్లో అస్టేర్ ఆడింది అలాగే కదా. చూడటానికి నాకు స్మూత్ ఎక్కువ ఇష్టం. నేర్చుకునేవాళ్లకు స్టాండర్డ్ క్రమశిక్షణే ఎక్కువ పనికొస్తుందని కూడా ఒప్పుకుంటాను.

ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇప్పుడు తిరిగి రావచ్చు. పోటీలో ఒక్కో డాన్సుకు పాట రెండు నిమిషాలకు అటూ ఇటూ. తొలి విడతల్లో పది పన్నెండు జంటలు ఒకేసారి నేలమీద ఉంటాయి. జడ్జీ ఒక్కో జంటను చూడగలిగేది కొన్ని క్షణాలే. దూరం నుంచి, ఒక్క చూపులో కంటపడాలి. ఆ విచ్చుకున్న మెడలు, విసిరే తలలు, కళ్లు చెదిరే బట్టలు, ఒంటికి పూసే గోధుమ రంగు, అన్నిటికీ కారణం ఆ కొన్ని క్షణాలే. మిలోంగాలో అదే పని చేస్తే పక్క జంట మోచెయ్యి తగిలి తిట్టిపోస్తుంది. సోషల్ డాన్సులో చూసేవాడు లేడు, ఉన్నది ఎదుటి మనిషే. బ్యూనస్ ఐరిస్ ప్రపంచ పోటీల్లోనే ‘పిస్తా’, ‘ఎసెనారియో’ అని రెండు విభాగాలు పెట్టారు. మొదటిది నేలమీది డాన్సు, రెండోది రంగస్థలానిది. తేడా తెలిసినవాళ్లు చేసిన నిజాయితీ గల పని అది. 2004లో బీబీసీ మొదలుపెట్టిన ‘స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్’, దాని వెంట వచ్చిన మన ‘ఝలక్ దిఖ్‌లా జా’ వంటివి ఈ గీతను చెరిపేశాయి. పేరు ఏదైనా అక్కడ ప్రతి డాన్సూ కెమెరా కోసమే. వాటివల్ల ఒక మేలు మాత్రం జరిగింది. 2020లో ‘స్ట్రిక్ట్లీ’లో మొదటిసారి ఇద్దరు స్త్రీలు జంటగా ఆడారు. లీడ్ చేయడం మగవాడి హక్కన్న నమ్మకం లక్షల ఇళ్లలో ఒకేసారి సడలింది. నిజానికి తొలినాళ్ల బ్యూనస్ ఐరిస్‌లో మగవాళ్లు మగవాళ్లతోనే సాధన చేసేవారు, రెండు పాత్రలూ నేర్చుకునేవారు.

మన ప్రాంతంలో ఈ డాన్సులు పరాయివేమీ కావు. లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంట రైల్వే కాలనీల్లో ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులు క్రిస్మస్ కేకంత సహజం. వాల్ట్స్, ఫాక్స్‌ట్రాట్, జైవ్ వాళ్లకు పోటీ అంశాలు కావు, పెళ్లిలో మేనమామ మేనకోడలితో ఆడేవి. ఇప్పుడు హైదరాబాద్‌లో సల్సా, బచాటా సోషల్స్ జరుగుతున్నాయి. ఇంకోవైపు పెళ్లి సంగీత్‌ల కోసం కొరియోగ్రాఫర్ వచ్చి వధూవరులకు కొద్దిరోజుల్లో కంఠతా పట్టించే ‘కపుల్ డాన్సు’ ఉంది. అందులో లీడ్ లేదు, ఫాలో లేదు. ఇద్దరూ ఒకే పాఠం వల్లించుకున్నారు, ఒకరు మర్చిపోతే ఇద్దరూ ఆగిపోతారు. ముక్కూమొహం తెలియని మనిషితో, ముందు వినని పాటకు, ఒక్క రిహార్సల్ లేకుండా ఆడగలగడమే సోషల్ డాన్సు. ఈ సామర్థ్యమే జంట డాన్సుల అసలు విద్య అని నా తీర్పు. పోటీ డాన్సర్లలో ఉత్తములకు అదీ ఉంటుంది, సంగీత్ జంటకు దాని అవసరమే రాదు.

కాబట్టి నేర్చుకుందామనుకునేవాళ్లు బోర్డు మీది పేర్లు చూసి డబ్బు కట్టవద్దు. టాంగో అంటే ఏ టాంగో, రంబా అంటే ఏ రంబా అని అడగండి. మొదటి క్లాసు ఊరికే కూర్చుని చూడండి. టీచరు పది నిమిషాలకోసారి జంటలను మారుస్తూ, లీడ్ ఎలా ఇవ్వాలో ఎలా అందుకోవాలో చెబుతుంటే అది సోషల్ క్లాసు. ఒకే జంటకు ఒకే పాట మీద మొదటి అడుగు నుంచి చివరి భంగిమ దాకా నేర్పుతుంటే అది స్టేజీ క్లాసు. రెండూ మంచివే, ఏది కొంటున్నారో తెలిసి కొనండి.